డల్లాస్ ఢిల్లీ దారిలోనే ఉంది

మా మేనల్లుడు పై చదువుకు డల్లాస్ పోతున్నాడు. మిర్యాలగూడలో ఉండే మా అక్క ఒకరోజు ఫోన్ పట్టుకుని శంషాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరమో వెతికింది. ఒకచోట 14,400 అని వచ్చింది, ఇంకోచోట 8,950 అని, మరోచోట 7,775 అని. టికెట్ చూస్తే మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి అదే మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు దిగుతాడని ఉంది. పిల్లవాడేమో ఇరవై మూడు గంటల ప్రయాణం అంటున్నాడు. "గిదేంది తమ్మీ, ఒక్కొక్క కాడ ఒక్కో లెక్క ఉన్నది? నాలుగింటికి ఎక్కి నాలుగున్నరకు దిగితే పన్నెండున్నర గంటలే గదా" అని నాకు ఫోన్ చేసింది.

అక్క అడిగింది ఒక్క ప్రశ్నలాగే ఉంది గానీ అందులో నాలుగు చిక్కుముళ్లు ఉన్నాయి. ముందు తేలికైనది విప్పేద్దాం. ఆ మూడు అంకెలూ ఒకే దూరం. 14,400 అన్నది కిలోమీటర్లలో, 8,950 మామూలు మైళ్లలో, 7,775 నాటికల్ మైళ్లలో. మామూలు మైలు అంటే 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. పైలట్లూ ఓడలవాళ్లూ ఈ రెండోదాన్నే వాడతారు. కొన్ని వెబ్‌సైట్లు అంకె వేసి పక్కన ఏ కొలతో చిన్న అక్షరాల్లో పెడతాయి, కొన్ని అదీ పెట్టవు. ఇంతవరకు గొడవ లేదు.

అసలు గొడవ ఆ 14,400లోనే ఉంది. ఏ విమానమూ ఆ 14,400 కిలోమీటర్లు ఉన్నదున్నట్టు ఎగరదు. ఆ అంకె ఎక్కడిదో తెలియాలంటే ఒక బత్తాయి కావాలి. నల్లగొండ జిల్లాలో దానికి కొదవ లేదు.

బత్తాయి మీద చీమ

బత్తాయి తొడిమ ఉన్న వైపు ఉత్తర ధ్రువం అనుకోండి. తొక్క తీస్తే లోపల తొనలు తొడిమ దగ్గర మొదలై కింది దాకా పోతాయి. తొనకూ తొనకూ మధ్య కనిపించే గీతలు మన రేఖాంశాల లాంటివి. శంషాబాద్ తూర్పు రేఖాంశం 78 డిగ్రీల మీద ఉంది, డల్లాస్ పడమటి రేఖాంశం 97 డిగ్రీల మీద ఉంది. రెండూ కలిపితే 175. మొత్తం చుట్టు 360, సగం 180. అంటే శంషాబాద్ ఒక తొన మీద ఉంటే డల్లాస్ దాదాపు సరిగ్గా దానికి ఎదురు తొన మీద ఉంది. రెండూ కాయ నడుముకు పై సగంలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఒక చీమ ఈ తొన మీద నుంచి ఆ తొన మీదికి పోవాలి. నడుము చుట్టూ తిరిగి పోవచ్చు, తొడిమ మీదుగా ఎక్కి దిగి పోవచ్చు. ఏది దగ్గరో దారం పెట్టి బిగించి చూస్తే తెలిసిపోతుంది: దారం తొడిమ వైపే జారుతుంది. భూమి మీద లెక్క కడితే, దిక్సూచిలో ఒకే దిక్కు పట్టుకుని పడమరగా చుట్టు తిరిగి పోతే దాదాపు 17,700 కిలోమీటర్లు. ధ్రువం పక్కగా పోతే 14,400. అలా బిగించిన దారం గీసే దారిని మహావృత్త మార్గం అంటారు. ఫోన్లో కనిపించే "విమాన దూరం" ఎప్పుడూ ఇదే. ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు రెండు వేస్తే కంప్యూటర్ కన్ను మూసి తెరిచేలోగా చెప్పేస్తుంది. విమానం ఏ దేశం మీద ఎగరొచ్చో, ఎక్కడ ఆగాలో, గాలి ఎటు వీస్తోందో ఆ లెక్కకు తెలియదు.

మరి బడిలో గోడకు వేలాడదీసిన మ్యాపులో అమెరికా ఎడమ చివర ఉంటుంది కదా, పడమరకే పోవాలి కదా అనిపిస్తుంది. ఆ బత్తాయి తొక్కను చింపకుండా నేల మీద సాపుగా పరచడానికి చూడండి. కుదరదు. సాపు చేయాలంటే తొడిమ దగ్గర సాగదీయాలి. బడి మ్యాపు చేసే పని అదే, ధ్రువాల దగ్గర భూమిని సాగదీసి పెడుతుంది. అందుకే మ్యాపు మీద విమానం దారి విల్లులా వంగి కనిపిస్తుంది. వంగింది మ్యాపు.

నాకు ఈ లెక్కలో బాగా నచ్చిన సంగతి ఇప్పుడు చెప్తాను. శంషాబాద్‌లో నిలబడి డల్లాస్ వైపు వేలు చూపించమంటే ఎవరైనా పడమరకే చూపిస్తారు. కానీ మహావృత్తం ప్రకారం డల్లాస్ ఉన్నది ఉత్తరాన, ఉత్తరానికి ఒక అయిదు డిగ్రీలు పడమరగా. ఢిల్లీ కూడా దాదాపు అదే దిక్కు. లెక్క వేసి చూస్తే శంషాబాద్ నుంచి ఢిల్లీ 1,260 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి డల్లాస్ 13,150. కలిపితే 14,410. నేరు దారికీ దీనికీ తేడా కిలోమీటర్లలో పదో పరకో. పాలమూరు మీదుగా పోయే నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి కన్యాకుమారిని శ్రీనగర్‌తో కలుపుతుంది. జడ్చర్లలో ఆ రోడ్డు మీద ఉత్తరానికి తిరిగి నిలబడితే, కొంచెం అటూ ఇటూగా, డల్లాస్ ముఖం చూస్తున్నట్టే.

ఆ గీతను ఢిల్లీ దాటించి ఇంకా పైకి పొడిగిస్తే కారాకోరం కొండల్లో కే2 శిఖరం దగ్గర నుంచి పోతుంది. ఆ పైన మధ్య ఆసియా, సైబీరియా, మంచు సముద్రం, ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో మలుపు, అటు నుంచి కెనడా మీదుగా కిందికి డల్లాస్. గీతగా చూడటానికి చక్కగా ఉంది. మరి మా మేనల్లుడి విమానం దుబాయ్ ఎందుకు పోతోంది?

గీత మీద ఎందుకు ఎగరరు

మొదటి అడ్డం కొండలు. కే2 ఎత్తు 8,611 మీటర్లు. విమానం పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది కాబట్టి కొండకు తగలదు. అసలు భయం వేరే. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోయిందంటే పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించేయాలి. నెత్తి మీద నుంచి జారిపడే ఆక్సిజన్ మాస్కులు పదిహేను నిమిషాలు, అటూ ఇటూగా పనిచేస్తాయి. కింద నేలే నాలుగయిదు కిలోమీటర్ల ఎత్తున వందల మైళ్లు పరుచుకుని ఉంటే ఎక్కడికి దిగాలి? టిబెట్ పీఠభూమి మీదుగా విమానాలు పలచగా తిరగడానికి ఇదొక పెద్ద కారణం.

రెండోది దేశాల మధ్య పేచీలు. ఆకాశానికి కూడా సరిహద్దు గట్లు ఉంటాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. మన సంస్థలకు ఆ అడ్డు రాలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలు అరేబియా సముద్రం వైపు దిగి చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది, కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో ఆగాయి. 2019లో బాలాకోట్ తర్వాత కూడా కొన్ని నెలలు ఇదే తంతు. ఆ రోజుల్లో కూడా ఫోన్లో ఢిల్లీ నుంచి అమెరికా దూరం అంతే చూపించింది. ఒక్క కిలోమీటరు మారలేదు. మారింది గంటలు.

మూడోది ఇంధనం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం ఎందుకు లేదు" అని పెళ్లిళ్లలో, చావుల్లో, ఎక్కడ నలుగురు కలిసినా ఎవరో ఒకరు అడుగుతారు.

బోయింగ్ 777 రకం పెద్ద విమానం నిండుగా లోడ్ చేస్తే 350 టన్నుల బరువుంటుంది. గంటకు ఏడెనిమిది టన్నుల ఇంధనం తాగుతుంది. పదహారు గంటలు ఎగరాలంటే దగ్గర దగ్గర 120 టన్నులు, అంటే బయలుదేరేటప్పుడు బరువులో మూడో వంతు ఇంధనమే. చివరి గంటల్లో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోసుకు తిరగాలి, ఆ మోతకు మళ్లీ ఇంధనం కాల్చాలి. సైకిల్ మీద మిర్యాలగూడ నుంచి సాగర్ దాకా తాగే నీళ్లన్నీ ఒకేసారి బిందెల్లో కట్టుకుని పోయినట్టు. మధ్యలో ఒక ఊళ్లో ఆగి నింపుకుంటే బరువు తగ్గుతుంది. అందుకే ఒకచోట ఆగే టికెట్ చాలాసార్లు చౌకగా దొరుకుతుంది.

ఎండ కూడా ఒక లెక్కే. శంషాబాద్ ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం మన దగ్గర గాలి వేడెక్కి పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్కకు ఊతం తక్కువ, ఇంజిన్‌కు బలం తక్కువ. అక్కడి పెద్ద రన్‌వే 4,260 మీటర్ల పొడవుంది కాబట్టి ఊరట. అయినా నిండు బరువుతో లేవాలంటే చల్లటి రాత్రివేళే నయం.

నేరు విమానం అసలు లేకుండా పోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు, వారానికి ఒకసారి, నేరుగా విమానం మొదలుపెట్టింది. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. తర్వాత అది ఆగిపోయింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి నేరు విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ధ్రువం మీదుగా నడిపి తెచ్చారు. దాదాపు 14,000 కిలోమీటర్లు. ధ్రువం దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది: విమానాల్లో వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, బయట అంతకన్నా చలి ఉండొచ్చు. కాబట్టి ట్యాంకులో వేడి ఎంతుందో చూసుకుంటూ, అవసరమైతే ఎత్తు తగ్గిస్తూ, వేగం పెంచుతూ పోతారు.

కనుక సాంకేతికంగా డల్లాస్‌కు నేరు విమానం కుదరని పని కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఒక్క ఎగురుడులో పోయే విమానం ఉంది, దాదాపు పందొమ్మిది గంటలు. కుదరాల్సింది రోజూ నిండేంత మంది జనం, అంత దూరం పోయే ప్రత్యేక విమానం, వంతులేసుకుని నడిపే నలుగురు పైలట్లు, తెరిచి ఉన్న ఆకాశం. ఇవన్నీ ఒక్కసారి కలిసి రావాలి. గల్ఫ్ సంస్థలకు ఆ బాధ లేదు. హైదరాబాద్ నుంచి, కొచ్చి నుంచి, ఢాకా నుంచి జనాన్ని తెల్లారేసరికి ఒకచోట పోగేసి, అక్కడి నుంచి డల్లాస్‌కు ఒక విమానం, షికాగోకు ఒకటి, లండన్‌కు ఒకటి నింపి పంపుతాయి. మనవాళ్లు అర్ధరాత్రీ అపరాత్రీ శంషాబాద్‌లో నిద్రకళ్లతో క్యూ కట్టేది అందుకే. పొద్దున అక్కడ బయలుదేరే బండికి మనల్ని అందించాలి మరి.

చుట్టు తిరిగితే ఎన్ని కిలోమీటర్లు పెరుగుతాయి? శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డల్లాస్ 12,920. మొత్తం 15,470. నేరు గీత కన్నా వెయ్యి చిల్లర ఎక్కువ, అంతే. లండన్ మీదుగా పోయినా అటు ఇటుగా అదే, 15,400. విమానానికి వెయ్యి కిలోమీటర్లు అంటే గంటకు పైచిలుకు. దుబాయ్‌లో మూడు గంటలు కూర్చోవాల్సి రావడం, అదే ఆరో తొమ్మిదో అయితే ఇంకా, అసలు ఆలస్యం అక్కడ. నేనే ఒకసారి మొదటి విమానం గంటన్నర ఆలస్యమై, రెండోది కళ్ల ముందే పోయి, ఒక గల్ఫ్ ఎయిర్‌పోర్టు కుర్చీలో పదకొండు గంటలు గడిపాను. ఆ రోజు నాకు కిలోమీటర్లు గుర్తు రాలేదు.

గాలి ఎటు వీస్తే అటు

ఇక టైమ్ సంగతి. దుబాయ్ నుంచి, దోహా నుంచి డల్లాస్‌కు పోవడానికి పదహారు గంటలు, అటూ ఇటూగా. తిరిగి రావడానికి పద్నాలుగున్నర. అదే దూరం, అదే విమానం, గంటన్నర తేడా. మనకు దగ్గరి దుబాయ్‌కే పోవడానికి దాదాపు నాలుగు గంటలు పడితే రావడానికి మూడున్నర చాలు.

దీనికి చాలామంది చెప్పే కారణం భూమి తిరగడం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి ఊరే విమానానికి ఎదురొస్తుందని, లేదా దూరం జరుగుతుందని. మా స్కూల్లో సారు కూడా ఇలాగే చెప్పినట్టు గుర్తు. అది తప్పు. పరుగెత్తే ఆర్టీసీ బస్సులో ఎగిరి దూకితే వెనక సీట్లో పడం, లేచినచోటే పడతాం. బస్సుతో పాటు మనమూ, లోపలి గాలీ పోతున్నాం. భూమితో పాటు వాతావరణమూ తిరుగుతోంది. ఇంకో సంగతి, పడమరకు పోవడానికే ఎక్కువ టైమ్ పడుతోంది. ఊరు ఎదురొచ్చే మాటే నిజమైతే మన దగ్గర నుంచి దుబాయ్ పోవడమే తొందరగా అవ్వాలి.

అసలు కారణం పైన వీచే గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు నదిలా పారే గాలులుంటాయి, వాటిని జెట్ స్ట్రీమ్ అంటారు. ధ్రువం దగ్గరి చలికీ భూమధ్యరేఖ దగ్గరి వేడికీ తేడా వాటికి బలం, భూమి తిరగడం వాటికి దిక్కు ఇస్తుంది. (సారు మాటలో ఆ మేరకు నిజం ఉంది, పోనీ.) చలికాలంలో తేడా ఎక్కువ కాబట్టి గాలి కూడా ఎక్కువ, గంటకు రెండు మూడు వందల కిలోమీటర్లు కూడా ఉంటుంది. వీటిని మొదట పసిగట్టినవాళ్లలో జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి ఒకరు. 1920లలో బెలూన్లు ఎగరేసి కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను, అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పరాంటో భాషలో అచ్చేశాడు. ఫలితంగా ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు జపాన్ మీద ఎదురుగాలికి చిక్కుకుంటే గానీ ఆ సంగతి లోకానికి తలకెక్కలేదు.

దక్షిణ భారతం మీద మాత్రం వానాకాలంలో ఇంకా పై ఎత్తున గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దాన్ని గుర్తించి 1950లలో వివరించినవారు పి. కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. మన నైరుతి రుతుపవనాల కథలో ఆ గాలి పెద్ద పాత్ర.

కృష్ణా నదిలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) నడిపేవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. తెడ్డు వేసే బలం అంతే ఉన్నా, ఏటికి ఎదురు పోతే గట్టు మెల్లగా జరుగుతుంది, ఏటివాలుకు పోతే గట్టు పరుగెత్తుతుంది. విమానానికి గాలిలో వేగం గంటకు 900 కిలోమీటర్లు. ఎదురుగాలి వంద ఉంటే నేల మీద లెక్కకు 800, వెనకగాలి వంద ఉంటే 1,000. పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు వడ్డీతో వస్తుందనుకుంటాం గానీ పూర్తిగా రాదు. 7,200 కిలోమీటర్ల దారి తీసుకోండి. గాలి లేకపోతే ఎనిమిది గంటలు పోను, ఎనిమిది రాను, మొత్తం పదహారు. గాలి ఉంటే పోవడానికి తొమ్మిది, రావడానికి ఏడు గంటల పన్నెండు నిమిషాలు. మొత్తం పదహారు గంటల పన్నెండు నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం కాబట్టి ఆ పన్నెండు నిమిషాలు గాలి ఖాతాలోకి పోతాయి.

గాలి బలం ఎంతటిదో 2020 ఫిబ్రవరిలో లండన్‌వాళ్లు చూశారు. తుఫాను గాలి వెనక నుంచి తోస్తుంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో దిగింది. నేల మీద లెక్కకు దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. గాలిలో మాత్రం అది ఎప్పటిలాగే పోయింది, ధ్వని వేగం దాటలేదు.

ఇంకా విచిత్రమైనది మన ఎయిర్ ఇండియా కథ. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బిగించిన దారం పొడవు 12,400 కిలోమీటర్లు. విమానాలు మాత్రం పడమరగా, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయేవి. 2016 అక్టోబరులో విమానాన్ని తూర్పుగా, పసిఫిక్ మీదుగా తిప్పారు. దూరం 15,300 అయింది. పద్నాలుగువందల కిలోమీటర్లు ఎక్కువ. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లో అయిపోయింది, పాత దారి కన్నా దాదాపు రెండు గంటలు తక్కువ. దారంతా గాలి వెనక నుంచే తోసింది. దూరం తక్కువైతే టైమ్ తక్కువ అన్న మన రోడ్డు లెక్క ఆకాశంలో చెల్లదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

పైగా టికెట్ మీద వేసే గంటలు ఎగిరే గంటలు మాత్రమే కావు. గేటు దగ్గర చక్రాల కింది అడ్డు తీసిన క్షణం నుంచి, అవతల మళ్లీ అడ్డు పెట్టేదాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, దిగాక గేటు కోసం ఎదురుచూడటం, అన్నీ అందులోనే. ఆ పైన విమాన సంస్థలు కాస్త నిమిషాలు చేర్చి చెప్తాయి, ఆలస్యం అయిందన్న పేరు రాకుండా. "అరగంట ముందే దిగాం" అని పైలట్ ప్రకటిస్తే మనం సంబరపడేది ఈ పుణ్యమే.

రెండు గడియారాల మధ్య

ఇక అక్క పన్నెండున్నర గంటలు. టికెట్ మీద బయలుదేరే టైమ్ శంషాబాద్ గడియారంలో, దిగే టైమ్ డల్లాస్ గడియారంలో వేస్తారు. రెండింటినీ తీసివేస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఎండాకాలంలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. పోయేటప్పుడు ఆ తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. పన్నెండున్నరకు పదిన్నర కలిపితే ఇరవై మూడు. దుబాయ్‌కు నాలుగు, అక్కడ కూర్చునేది మూడు, డల్లాస్‌కు పదహారు. పిల్లవాడి లెక్క సరిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఇదే తల్లకిందులు. డల్లాస్‌లో శనివారం రాత్రి ఏడింటికి ఎక్కితే, శంషాబాద్‌లో సోమవారం తెల్లవారుజామున మూడింటికి దిగుతాడు. టికెట్ చూస్తే ముప్పై రెండు గంటలు, ఆదివారం మొత్తం మాయం. పదిన్నర తీసేస్తే నిజంగా పట్టింది ఇరవై ఒకటిన్నర. పండక్కో పెళ్లికో సెలవు పెట్టుకుని వచ్చే పిల్లలు ఈ మాయమైన ఆదివారం దగ్గరే పప్పులో కాలేస్తారు.

దుబాయ్‌కి తేడా గంటన్నరే. పదింటికి ఎక్కితే అక్కడి గడియారంలో పన్నెండున్నరకు దిగుతారు, రెండున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది, నిజంగా పట్టింది నాలుగు. పాలమూరు నుంచి కూలి పనికి బొంబాయి పోయే బస్సు ఒక రాత్రీ, మళ్లీ సగం పగలూ తింటుంది. గంటల్లో కొలిస్తే నారాయణపేట మనిషికి బొంబాయి కన్నా దుబాయ్ దగ్గర. ఆ మాట ఎయిర్‌పోర్టు గేటు దాటాకే చెల్లుతుంది. వీసా, ఏజెంటు, మెడికల్ అన్నీ దాటి ఆ గేటు దాకా రావడానికి పట్టే నెలలు ఏ యాప్ చూపించదు.

పోనీ ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క వేద్దామని అక్కతో కూర్చుని వేశాం. సోమవారం రాత్రి ఎనిమిదింటికి మిర్యాలగూడలో కారెక్కాలి. నల్లగొండ, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, మధ్యలో ఒక టీ తాగి శంషాబాద్ చేరేసరికి పదకొండున్నర, పన్నెండు. మూడు గంటల ముందు కౌంటర్ దగ్గర ఉండాలి కాబట్టి అది సరిపోతుంది. పాలమూరువాళ్లకు ఈ విషయంలో నయం, నగరం చొరబడకుండానే ఎయిర్‌పోర్టు తగులుతుంది, షాద్‌నగర్ దాటితే వచ్చేసినట్టే. డల్లాస్‌లో నాలుగున్నరకు దిగాక ఇమిగ్రేషన్, సామాను, స్నేహితుడి కారు, అన్నీ అయ్యి గదికి చేరేసరికి అక్కడి గడియారంలో సాయంత్రం ఏడు. అప్పుడు మిర్యాలగూడలో బుధవారం పొద్దున అయిదున్నర. మొత్తం ముప్పై మూడున్నర గంటలు. అందులో విమానం కదిలింది ఇరవై గంటలే. మిగతా పదమూడున్నర రోడ్డు, క్యూ, కుర్చీ.

అక్క ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టుకుంది. మరునాడు బజారుకు పోయి ఇంకో గోడ గడియారం కొనుక్కొచ్చి, పాతదాని పక్కనే మేకు కొట్టించి డల్లాస్ టైమ్ పెట్టించింది. నవంబరు మొదటి ఆదివారం నాడు దాన్ని ఒక గంట వెనక్కి తిప్పాలని చెప్పాను. "మన గడియారం కూడానా?" అని అడిగింది. మనది అక్కర్లేదన్నాను.